పదకొండు మందికి పంపండి

నేను రాసినవాటిలో అన్నిటికంటే ఎక్కువమంది చదివింది ఏదని పాఠకులు అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఏదో ఒక పుస్తకం పేరు చెప్పి తప్పించుకుంటాను. నిజమైన జవాబు వేరు. ఇరవై రెండేళ్ళ వయసులో, కడపలో ఒక మిద్దె మీది గదిలో కూర్చుని, చిన్న ఫోనులో బొటనవేలితో నొక్కి నొక్కి రాసిన నాలుగు వాక్యాలవి. వాటి కింద నా పేరు లేదు. పేరు పెట్టాల్సి ఉంటే అసలు రాసేదాన్నే కాదు.

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతం అది. మాది బద్వేలు. కంప్యూటర్లతో డిగ్రీ పూర్తిచేసి, కడపలో బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక నెట్ సెంటర్లో పనికి కుదిరాను. పది కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డాలు, తలుపు దగ్గర నా బల్ల. వచ్చినవాళ్ళ పేర్లు రిజిస్టర్లో రాయించుకోవడం, చేతకానివాళ్ళకు మెయిలు తెరిచి చూపించడం, ప్రింట్లు తీసివ్వడం నా పని.

ఆ రోజుల్లో ఎవరి మెయిలు తెరిచినా లాటరీలే. మీకు లక్షల డాలర్లు తగిలాయి, వెంటనే జవాబివ్వండి అని. అలాంటి మెయిలు పట్టుకుని ఒక రిటైరైన మాస్టారు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. ప్రతిసారీ ప్రింటు తీయించుకునేవాడు.

"అంతా మోసం సార్. మీరు టికెట్టే కొనలేదు, లాటరీ ఎట్ల తగుల్తుంది?" అనేదాన్ని.

"నాకూ తెలుసు పాపా. అయినా ఇంతమంది ఉండారు గదా లోకంలో, నా పేరే ఎందుకు రాసినారంటావు?" అనేవాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకునేవాడు.

ఆయన మాటలు సాయంత్రం గదికి వెళ్ళి, నాతో ఉండే స్నేహితురాలికి యాస పట్టి మరీ చెప్పేదాన్ని. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఇటువంటివి నమ్మేవాళ్ళు ఒక రకం మనుషులనీ, మేం ఇంకో రకమనీ నాకు గట్టి నమ్మకం ఉండేది.

మా గది ఒక స్టీలు సామాన్ల అంగడివాళ్ళ మిద్దె మీద ఉండేది. కింద ఇంటాయన, ఆయన భార్య, ఆయన తల్లి ఉండేవాళ్ళు. ఆయన్ను అన్నా అనీ, ఆమెను అక్కా అనీ, ముసలామెను అవ్వా అనీ పిలిచేవాళ్ళం. అక్కకు ముప్ఫై నాలుగో, ముప్ఫై ఐదో ఉంటాయి. అంగడిలో గల్లాపెట్టె దగ్గర అన్న కూర్చుంటే, బేరం మాత్రం అక్కదే. కొన్న గిన్నెల మీద కరెంటు పెన్నుతో పేర్లు చెక్కిచ్చేది కూడా ఆమే. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఇంటికొచ్చాక మా కోసం మెట్ల మీద వేరుశనగ పొడో, పచ్చడో ఒక గిన్నెలో పెట్టి కేకేసేది. "మే, చెనిక్కాయల పొడి చేసినా, తీస్కపోండి. హాస్టలు పిల్లోళ్ళ మాదిరి ఉత్త మజ్జిగన్నం తింటాండారు మీరు."

పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆమెకు పిల్లల్లేరు. మేం చేరిన ఏడాదే ఆమె కడుపుతో ఉందని తెలిసింది. ఆ సంగతి మాకు అవ్వ చెప్పలేదు, అన్న చెప్పలేదు. అక్కే ఒకరోజు గోంగూర ఆకు తుంచుతూ తలెత్తకుండా, "నాకు మూడో నెల మే. ఎవరికీ చెప్పొద్దండి, దిష్టి తగుల్తాది" అంది. మాతో చెప్పకుండా ఉండలేకపోయిందని మాకు ఎంత గర్వమో.

మా గదిలో ఒక పందెం అంతకు కాస్త ముందు మొదలైంది. అప్పుడే మెసేజ్ ప్యాక్‌లు వచ్చిన కొత్త. నెలకు కొంత కడితే ఎన్ని మెసేజ్‌లు పంపుకున్నా ఇక ఖర్చు లేదు. ఫలానా దేవుడి మెసేజ్ ఇంతమందికి పంపు, మంచి జరుగుతుంది, పంపకపోతే చెడు జరుగుతుంది అని రోజూ ఏదో ఒకటి వచ్చేది. ఒక ఆదివారం నా స్నేహితురాలు అలాంటిదే ఒకటి చదివి, "ఇవన్నీ మొదట ఎవరో ఒకరు కూర్చుని రాసింటారు కదా" అంది. అక్కడ పుట్టింది ఆలోచన. చెరొకటి రాసి వదలాలి. ఎవరు రాసింది ఊరంతా తిరిగి మళ్ళీ మన దగ్గరికొస్తే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు రెండు వారాలు కిందినుంచి నీళ్ళ బిందెలు మోయాలి. రెండు రోజులకోసారి వచ్చే కొళాయి నీళ్ళను ఇరవై మెట్లు ఎక్కించడం మాకు అన్నిటికంటే పెద్ద కష్టం.

ఆమె రాసింది నాకు గుర్తులేదు. ఆ రాత్రి చందమామ రెట్టింపు కనిపిస్తాడనో ఏదో. నేను రాసింది మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మహానంది కోనేటి నీళ్ళలో స్వామి రూపం కనిపించింది. ఈ మాట పదకొండు మందికి పంపినవాళ్ళకు తొమ్మిది రోజుల్లో శుభవార్త. నవ్వి తీసేసిన ఒకామె ఇంటి దీపం ఆరిపోయింది. ఆలస్యం చేయకండి."

తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. నూట అరవై అక్షరాల్లో ఇమడాలి, లేకపోతే రెండు మెసేజ్‌లవుతుంది. మూడో వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. మొదట ఆమె కాలు విరిగిందని రాస్తే నవ్వొచ్చింది. ఆమె మొగుడి వ్యాపారం దివాళా తీసిందని రాస్తే అక్షరాలు మించిపోయాయి. ఇంటి దీపం ఆరిపోయింది అని తట్టగానే నాకే ఒళ్ళు జలదరించింది. ఎవరు పోయారో చెప్పలేదు. ఎవరైనా కావచ్చు. చదివేవాళ్ళు తమ ఇంట్లో ఎవరున్నారో వాళ్ళను తలుచుకుంటారు. అది బాగా కుదిరిందని నాకు తెలుసు. తెలిసే ఉంచాను. ఇవాళ ఎవరైనా నన్ను తెలియక చేసిన తప్పు అని ఊరడించబోతే ఆ ఒక్క సంగతి వల్ల ఒప్పుకోలేను.

పదకొండు మంది క్లాస్‌మేట్లకు పంపి, మర్చిపోయాను.

నెల దాటింది. ఒక శనివారం పొద్దున పనికి బయలుదేరి మెట్లు దిగుతుంటే, అక్క కింద నా కోసమే నిలబడి ఉంది. చేతిలో ఫోను.

"మే, ఈడ రా ఒకసారి. ఇది సదివి చూడు."

చదివాను. నాదే. ఒక్క అక్షరం మారలేదు. చివర మాత్రం ఎవరో "ఇది సత్యం" అని చేర్చారు.

నాకు మొట్టమొదట కలిగింది సంతోషం. అది దాచి లాభం లేదు. గెలిచాననుకున్నాను. ఎక్కడెక్కడ తిరిగిందో, ఎంతమంది చేతులు మారిందో, తిరిగి తిరిగి మా మెట్ల కిందికే వచ్చింది. పెదవుల మీదికి వచ్చిన నవ్వును ఆపుకోవడానికి తల వంచుకున్నాను.

"ఎవరు పంపారక్కా?"

"మా చిన్నమ్మ కూతురు. బేస్తవారం వచ్చింది. నాకు వచ్చింది సదువుకోవడమే గానీ పంపేది యాడ తెలుస్తాది? మీ అన్నను అడిగితే తిడతాడు. నువ్వు పంపు మే. పదకొండు మందికీ నా ఫోన్లోంచే పోవల్ల."

పుణ్యస్త్రీలకు పసుపు కుంకుమ ఇచ్చేటట్టు రెండు చేతులతో ఆ ఫోను నాకిచ్చింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. అక్కా, ఇది నేనే రాసింది, ఉత్తదే, పందెం కోసం అని. నవ్వేసేది. నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. కానీ ఆమె ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. పైగా పనికి ఆలస్యమవుతోంది. ఫోను తీసుకుని నాలుగు మీటలు నొక్కాను. లోపలికి వెళ్ళి, బయటికొచ్చి, గడియారం ఉన్న చోటు తెరిచి, మూసి, తిరిగిచ్చాను.

"అయిపోయిందక్కా."

"పదకొండూనా?"

"పదకొండూ."

ఒక్కరికి కూడా పంపలేదు. ఆమె ఫోనులో ప్యాక్ లేదు, డబ్బులెందుకు పోవాలి అని పంపలేదనుకుంటూ చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ నిజం కాదు. నేను రాసిన అబద్ధానికి పదకొండు మెసేజ్‌ల ఓపిక నాకు లేదు, అంతే. అక్క ఫోను కళ్ళకద్దుకుని, లోపలికి వెళ్ళింది. నేను సెంటరుకు పోతూ దారిలోనే స్నేహితురాలికి ఫోను చేసి చెప్పాను, గెలిచానని.

నా స్నేహితురాలు బిందెలు మోస్తున్న రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదు. పదమూడో రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి కింది తలుపు బార్లా తీసి ఉంది. అవ్వ ఒక్కతే గడప పక్కన బండ మీద కూర్చుని ఉంది. "ఆస్పత్రికి తీస్కపోయినారు" అంది.

నాలుగో రోజు అక్కను ఇంటికి తెచ్చారు. డాక్టరమ్మ ఎవరి తప్పూ లేదని చెప్పిందట. కొన్ని గర్భాలు నిలవవు, లోపలే ఏదో సరిగ్గా కుదరదు, మీరు ఏం చేసినా చేయకపోయినా అలాగే జరిగేది అన్నదట. అన్న ఆ మాటలు వచ్చినవాళ్ళందరికీ అప్పజెప్పినట్టు చెప్పేవాడు. అవ్వ మాత్రం గొణుగుతూనే ఉండేది. "మెట్లు ఎక్కొద్దంటే ఎక్కింది. పిల్లోళ్ళకు గిన్నెలు మోసకపోయింది." ఆ గిన్నెలు మా కోసమే.

వారం తర్వాత అక్క నన్ను పిలిచింది. మంచం మీద పడుకుని ఉంది. అవ్వ గుడికి వెళ్ళింది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, చాలా మెల్లగా అంది. "నేను ఆలస్యం చేసినా మే. వచ్చింది బేస్తవారం. నీకిచ్చింది శనివారం. ఆలస్యం చేయొద్దని రాసిండాది గదా దాంట్లో."

"అక్కా, ఏం మాటలవి? దానికీ దీనికీ సంబంధం ఏంటి? తొమ్మిదో రోజు కూడా కాదు కదా."

"తొమ్మిదో రోజే నడుము పీకింది. ఎవరికీ చెప్పలేదు నేను. ఆ రోజే మొదులైంది." వేళ్ళు మడిచి లెక్కపెట్టి చూపించింది. "ఇంటి దీపం అనుండాది సూడు. అది సదివినప్పుడే నా చెయ్యి కడుపు మీదికి పోయింది."

నెట్ సెంటర్లో రోజుకు నలుగురికి అబద్ధం ఏదో, నిజం ఏదో విడమరచి చెప్పేదాన్ని. ఆమె ముందు తల వంచుకుని కూర్చుని, దుప్పటి అంచు నలిపాను.

ఆ తర్వాత అక్క అంగడికి పోవడం మానేసింది. అన్నతో చెప్పి మెసేజ్ ప్యాక్ వేయించుకుంది. పంపడం ఎట్లాగో నన్నే అడిగి నేర్చుకుంది. దేవుడి పేరుతో వచ్చిన ప్రతిదీ, వచ్చిన అయిదు నిమిషాల్లో పంపేసేది. పదకొండన్నచోట ఇరవై రెండు, ఇరవై ఒకటన్నచోట నలభై రెండు. పొయ్యి మీద కూర మాడుతున్నా కట్టేయకుండా ఫోనులో వేళ్ళు ఆడించేది. చుట్టాల్లో ఎవరికైనా సీమంతం అంటే తలనొప్పి అని పడుకునేది. నా కంటికి రోజురోజుకూ సన్నబడిపోయింది.

రెండు నెలలు గడిచాక మహానంది పోదామంది. స్వామి కనబడిన చోట తప్పు ఒప్పుకుని, కొబ్బరికాయ కొట్టి రావాలని. అన్నకు అంగడి వదిలే వీలు లేదు. నన్ను తోడు రమ్మన్నారు. కాదనడానికి నాకు నోరు లేదు.

తెల్లారే కడపలో నంద్యాల బస్సెక్కాం. మైదుకూరు దాటాక అక్క నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. చెనిక్కాయ చేలు ఎండి, మట్టి పెళ్ళలు లేచి ఉన్నాయి. ఆళ్ళగడ్డ దాకా నేను లోపల ఒకటే మాట కూర్చుకుంటున్నాను. ఈరోజు చెప్పాలి. నంద్యాలలో ఇంకో బస్సు. మహానంది దగ్గరయ్యేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా అరటితోటలు, పచ్చగా, చల్లగా. అక్క లేచి కిటికీలోంచి చూస్తూ, ఎన్నో రోజుల తర్వాత కాస్త తేటగా కనిపించింది.

గుడి లోపల కోనేటి నీళ్ళు ఎప్పటిలాగే అడుగు దాకా కనిపిస్తున్నాయి. అడుగున పడ్డ పావలా బిళ్ళ మీది అంకె కూడా తెలుస్తుంది. అక్క మెట్ల దగ్గర పూలమ్ముతున్న ఒకామెను అడిగింది.

"ఏమ్మా, స్వామి రూపం కనపడింది యాడ?"

పూలామె నవ్వింది. "నువ్వూ అదేనా తల్లీ? రెండు మూడు నెలల నుంచి శానామంది అడుగుతాండారు. మేం ఈడనే పుట్టి ఈడనే పెరిగినాం, మాకైతే యాడా కనపడలేదు. నీళ్ళల్లో సూడు, నీకు కనపడుతాదేమో."

అప్పుడు గమనించాను. కోనేటి గట్టున అక్కడక్కడ మనుషులు వంగి నీళ్ళలోకి చూస్తున్నారు. స్నానం చేసేవాళ్ళు కాదు. ఊరికే చూస్తున్నవాళ్ళు. ఒకాయన తన భార్యకు వేలు పెట్టి చూపిస్తూ, "అదిగో, ఆ బండ పక్కన, కండ్లు కనపడల్యా?" అంటున్నాడు. ఆమె తల ఊపుతోంది. వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో, ఏ కష్టం మీద వచ్చారో నాకు తెలియదు. వాళ్ళను అక్కడికి రప్పించింది నేనని మాత్రం తెలుసు.

అక్క కూడా వంగింది. చాలాసేపు చూసింది. తల ఎత్తినప్పుడు కళ్ళనిండా నీళ్ళు. "నాకు కనపడడు మే. నాకు ఎట్ల కనపడతాడు?"

ఇక ఆగలేకపోయాను. మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని చెప్పేశాను. "అక్కా, అది నేను రాసిన మెసేజ్. మా గదిలో కూర్చుని రాశాను. పందెం వేసుకున్నాం ఇద్దరం. ఇక్కడ ఏ స్వామీ కనపడలేదు. ఏ ఆడమనిషి ఇంటి దీపమూ ఆరిపోలేదు. అన్నీ నేను కల్పించినవే." ఏ మాట ముందు అనుకున్నానో, ఏది కొట్టేశానో, కాలు విరగడం, వ్యాపారం పోవడం, అన్నీ చెప్పాను. కావాలంటే నా స్నేహితురాలిని అడగమన్నాను.

అక్క నా వైపే చూస్తూ విన్నది. కొట్టినా బాగుండేది. కొంగుతో నా చెంపలు తుడిచింది.

"నువ్వు రాసింటే రాసిండొచ్చు. నీకు మహానందే ఎందుకు గుర్తొచ్చింది? లోకంలో ఇన్ని గుళ్ళుండాయి గదా. దీపం అనే మాట ఎందుకు పడింది నీ చేతిలో? ఇంతమందిని దాటుకుని నా ఫోనుకే ఎందుకొచ్చింది?" నా చెయ్యి పట్టుకుంది. "స్వామే నీతో రాయించినాడు మే. నాకు ముందే చెప్పినాడు. నేనే వినుకోల్యా."

లాటరీ కాగితం మడిచి జేబులో పెట్టుకునే మాస్టారు అడిగిందీ ఇదే, నా పేరే ఎందుకని. నిజం చెబితే అబద్ధం కూలిపోతుందనుకున్నాను. నా నిజాన్ని కూడా ఆమె అదే కథలో కలిపేసుకుంది.

కానీ ఆ మెట్ల మీద నేను సగమే చెప్పాను. రాసిన సంగతి చెప్పాను గానీ, పంపలేదన్న సంగతి చెప్పలేదు. రాయడం ఎవరికో చేసింది. పంపకపోవడం ఆమె ముఖం మీద, ఆమె ఎదుట నిలబడి చేసింది. అది చెప్పడానికి భయపడ్డాను. చెబితే ఆమె నమ్మకం ఇంకా గట్టిపడుతుంది, అందుకే చెప్పలేదు, ఆమె మంచికే చెప్పలేదు అని తిరుగుప్రయాణమంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆమె అరటిపళ్ళు ఒలిచి నాకు పెడుతూనే ఉంది.

ఇంకో మూడు నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం అన్న మిద్దెపైకి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. గుమ్మం బయటే నిలబడి, "పాపా, నీ మాటంటే దానికి గురి. ఒకసారి చెప్పి సూడు. డాక్టరమ్మ మళ్ళా రమ్మంటాంది, ఇది రానంటాంది. నా చేత్తోనే పోగొట్టుకున్నా, ఇంగ నాకు అర్హత లేదంటాంది. ఏం చేసినావని అడిగితే చెప్పదు" అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె ఏం చేశాననుకుంటోందో నాకు తెలుసు. రెండు రోజుల ఆలస్యం. ఆ తప్పు ఆమెది కాదని రుజువు చేయడానికి ఒకే దారి ఉంది. దాన్ని నేను దాచిపెట్టుకుని కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే అక్క మిద్దె మీద ఎండుమిరపకాయలు ఆరబోస్తుంటే దగ్గరికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

"అక్కా, ఆ రోజు నేను నీ మెసేజ్ పంపలేదు."

ఆమె మిరపకాయలు పరుస్తూనే ఉంది. "ఏ మెసేజ్?"

"మహానందిది. శనివారం నువ్వు ఫోనిచ్చినావు కదా. పంపినట్టు నటించాను."

చెయ్యి ఆగింది. "పదకొండు మందికీ పంపినా అన్నావు."

"అబద్ధం చెప్పాను."

"ఒక్కరికి గూడా పంపలేదా?"

"లేదక్కా."

లేచి నిలబడింది. ఆమె ముఖంలో అంతకు ముందు నేనెప్పుడూ చూడని కోపం వచ్చింది. అది మెల్లగా, కింది నుంచి పైకి ఎక్కినట్టు వచ్చింది. "ఆర్నెల్ల నుంచి నన్ను నేను తిట్టుకుంటాండా. నువ్వు నా పక్కన కూసోని సూస్తాండావు. నా చేత్తో పెట్టింది తింటాండావు." మిరపఘాటుకో, ఏడుపుకో ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "నేను నీకిచ్చినా. నా పని నేను చేసినా. చెయ్యంది నువ్వు."

"అవునక్కా. నేనే."

"ఈ నెలాఖరుకు గది ఖాళీ చేయండి."

మెట్లు దిగిపోయింది. మిరపకాయలు సగం రాశిలోనే ఉన్నాయి. నేనే కూర్చుని పరిచాను. చేతులు రెండు రోజులు మండాయి.

ఇంట్లో ఆమె ఎవరికీ చెప్పలేదు. అవ్వకు తెలిసి ఉంటే వీధిలోకి వచ్చి నిలదీసేది. అన్నకు తెలిసి ఉంటే నా ముఖం చూసేవాడు కాదు. ఎందుకు దాచిందో నేనడగలేదు, అడిగే అవకాశమూ ఇవ్వలేదు. మేం వెళ్ళేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా స్నేహితురాలితో మామూలుగానే ఉండేది. సామాను ఆటోలో పెట్టుకుని బయలుదేరిన రోజు తలుపు మూసే ఉంది.

తర్వాత నేను ఒక ఆడపిల్లల హాస్టల్లో చేరాను. రెండు నెలలకు అనుకుంటా, అన్న నెట్ సెంటరుకు వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన ఒక స్టీలు క్యారియరు. బల్ల మీద పెట్టాడు.

"నువ్వేం చెప్పినావో ఏమో గానీ పాపా, మనిషి మారిపోయింది. మళ్ళా అంగట్లోకి వస్తాంది. ఆ ఫోను తీసి అవతల పెట్టేసింది. డాక్టరమ్మ కాడికి గూడా వచ్చింది. ఇది తీస్కో, నీ అన్న ఇచ్చినాడనుకో."

వద్దన్నాను. బలవంతంగా పెట్టి వెళ్ళాడు. ఆయన వెనకాలే పరిగెత్తి, మీరు నాకు కృతజ్ఞత చెప్పకూడదు అని చెప్పాలనుకున్నాను. అలా చెబితే అక్క దాచినది బయటపడుతుంది. కుర్చీలోనే ఉండిపోయాను.

ఎన్నిసార్లు ఆలోచించినా ఇక్కడే నా ఆలోచన తెగిపోతుంది. ఆమె కోలుకున్నది మెసేజ్ ఉత్తదని తెలిసి కాదు. దాంట్లో బలముందని, ఆ పాపం తనది కాదు నాదని తెలిసి. నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, నా అబద్ధాన్ని ఆమె మనసులో శాశ్వతంగా నిజం చేయడం. గర్భం నిలవకపోవడానికి నేను రాసింది కారణం కాదని నాకు తెలుసు. డాక్టరమ్మ మాట నాకూ వర్తిస్తుంది. కానీ ఆమె ఆర్నెల్లు పడ్డ నరకానికి కారణం నేనే. ఆ లెక్క ఏ డాక్టరూ తీసేయలేరు.

కడప వదిలి వచ్చేసే ముందు ఒకసారి ఆ అంగడి వీధికి వెళ్ళాను. అవతలి పక్కన చెరకు రసం బండి దగ్గర నిలబడ్డాను. పెళ్ళి సామాను కొనడానికి వచ్చిన ఒక కుటుంబం అంగట్లో ఉంది. అక్క ఎత్తు పీట మీద కూర్చుని ఒక బిందె మీద పేరు చెక్కుతోంది. ఒళ్ళు చేసింది. కడుపుతో ఉందేమోననిపించింది, కానీ అంత దూరం నుంచి నేను రూఢిగా చెప్పలేను. ఆ కొనేవాళ్ళలో ఒక ముసలాయన ఏదో అన్నాడు. అక్క గట్టిగా నవ్వింది.

నవ్వుతూ తలెత్తి, రోడ్డు ఇవతల ఉన్న నన్ను చూసింది. నవ్వు ఆగలేదు, నా కోసం పెరగనూ లేదు. పిలవలేదు. ముఖం తిప్పుకోలేదు. ఒక్క క్షణం అలా చూసి, బిందె అవతలి వాళ్ళకు అందిస్తూ, "తడిగుడ్డతో తుడవండి, పొడి పోతాది" అంది. ఆమె గొంతు రోడ్డు దాటి నా దాకా వినిపించింది.

నేను రోడ్డు దాటలేదు. గ్లాసు బండివాడికి తిరిగిచ్చి, బస్టాండుకు నడిచి, బద్వేలు బస్సెక్కాను.